గొంతు పోయి నాలుగు వారాలైతే ఒక్కసారి లోపలికి చూడండి: మా డాక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్ గార్లకు,

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మండల కేంద్రాల్లో, చిన్న పట్టణాల క్లినిక్‌లలో మమ్మల్ని మొదట చూసేది మీరే. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. నేను నల్గొండ జిల్లాలో, సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఒక ఊళ్లో, జిల్లా పరిషత్ హైస్కూల్‌లో తెలుగు టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు పద్యాలు చెబుతున్నాను. నా పని మొత్తం గొంతుతోనే.

రెండేళ్ల కిందట జెండా పండుగ అయిన మూడో రోజు ఆ గొంతు పోయింది. అంతకుముందు వారం రోజులు పిల్లలతో రిహార్సల్స్ చేయించాను కాబట్టి అరిచి అరిచి బొంగురుపోయిందనుకున్నాను. మా అత్తమ్మ కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమంది. మిరియాల పాలు తాగాను, ఉప్పు నీళ్లు పుక్కిలించాను. పది రోజులైనా రాలేదు.

నా గొంతు ఎలా మారిందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు వినాల్సింది అదే. జలుబు చేసినప్పుడు వచ్చే బొంగురు మనందరికీ తెలుసు. అది గరగరలాడుతుంది గానీ మాట గట్టిగానే వస్తుంది. నాకు వచ్చింది అది కాదు. మాటలో సగం గాలే పోయేది. వెనక బెంచీ దాకా వినపడేది కాదు. సీస పద్యం ఎత్తుకుంటే పాదం సగంలోనే ఊపిరి అయిపోయేది. దగ్గితే దగ్గు కూడా గట్టిగా వచ్చేది కాదు, లోపల ఏదో తలుపు మూసుకోనట్టు ఉండేది. నీళ్ల బిందె ఎత్తబోతే బలం అందేది కాదు. ఊపిరి బిగబట్టాలంటే కూడా గొంతులో ఆ తలుపు మూసుకోవాలని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది.

ఇంకొకటి. నీళ్లు తాగితే పొలమారేది. అన్నం ముద్ద బాగానే దిగేది, నీళ్లకే వచ్చేది. మా అత్తమ్మ నెత్తి మీద తట్టి, ‘ఎవరో తలుచుకుంటున్నరు’ అనేది. మా అమ్మ తలుచుకుంటోందని నేనూ నవ్వేదాన్ని. రోజుకు ఐదారుసార్లు పొలమారుతుంటే కూడా అదొక జబ్బు లక్షణమని నాకు తట్టలేదు. నన్ను చూసిన డాక్టర్లలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

ఆగస్టు చివర్లో మొదటి డాక్టరు గారు నోరు తెరిపించి టార్చి వేసి చూసి, గొంతు ఎర్రగా ఉందని 5 రోజులకు యాంటీబయాటిక్ రాశారు. సెప్టెంబరులో రెండో డాక్టరు గారు ఇంకో యాంటీబయాటిక్, గ్యాస్ బిళ్లలు రాశారు. ‘టీచర్లకు ఇది మామూలే, గొంతుకు రెస్ట్ ఇవ్వండి’ అన్నారు. ఇచ్చాను. పిల్లలకు బోర్డు మీద రాసి చూపించి, చదవడం క్లాస్ లీడర్‌తో చేయించాను. దసరా సెలవులు వచ్చాయి. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టాను గానీ పాట రాలేదు. మా వాడకట్టులో ఏటా పాట ఎత్తుకునేది నేనే. ఆ రాత్రి ఇంటికొచ్చి ఏడిస్తే, ఏడుపుకు కూడా గొంతు లేదు.

మూడో చోట ‘ఇంట్లో ఏమైనా గొడవలా? టెన్షన్ పడుతున్నారా?’ అని అడిగారు. ఆడవాళ్లకు ఇలా వస్తుందన్నారు. నిద్ర మాత్రలు రాశారు. ఆ మాట నాకు ఎంత కష్టం కలిగించిందో రాయలేను. టెన్షన్ ఉన్నమాట నిజమే. గొంతు పోయిన టీచరుకు టెన్షన్ ఉండదా? కానీ గొంతు పోయినందుకు టెన్షన్ వచ్చింది. మనసు వల్ల గొంతు పోయేవాళ్లు నిజంగా ఉంటారని నాకు తెలుసు. అది కూడా లోపల చూసి, స్వరతంత్రులు, అంటే గొంతులో మాట పలికించే రెండు మడతలు, బాగా కదులుతున్నాయని తేల్చుకున్న తర్వాత చెప్పాల్సిన మాట.

నవంబరు రెండో వారంలో మా స్కూల్ లెక్కల సార్ పట్టుబట్టి పట్నంలో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన ముక్కులో మత్తు మందు స్ప్రే చేసి, స్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టాన్ని గొంతు దాకా పంపి, ‘ఈ అనండమ్మా’ అన్నారు. టీవీ తెర మీద చూపించారు. కుడి తంత్రి తెర తీసినట్టు కదులుతోంది. ఎడమది కొయ్యలా అలాగే ఉంది. రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల కోసం నేను పన్నెండు వారాలు తిరిగాను.

పలుకుతున్న గొంతు లోపలికి తొంగి చూసిన తొలి మనుషుల్లో ఒకడు మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు. డాక్టరు కాదు. 1854లో పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని నోట్లో వెనక్కి పెట్టుకుని, ఎండను ఇంకో అద్దంతో లోపలికి మళ్లించి, తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. నాలాంటి ఒక పంతులు నూట డెబ్బై ఏళ్ల కిందట అద్దం ముక్కతో చేసిన పని అది. ఇన్ని కెమెరాలున్న ఈ రోజుల్లో నాకు పన్నెండు వారాలు ఎందుకు పట్టిందని చాలా రాత్రులు అనుకున్నాను.

ఇక్కడి నుంచి నేను మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి మొదలవుతుంది. తంత్రి కదలడం లేదంటే జబ్బు తంత్రిలోనే ఉండాలని లేదు. దాన్ని కదిలించే నరం మెదడు నుంచి దిగే పెద్ద నరంలో భాగంగా మెడ దాటి ఛాతీలోకి వెళ్తుంది. ఎడమ వైపుదైతే గుండె నుంచి వచ్చే పెద్ద ధమని వంపు కింద నుంచి తిరిగి, మళ్లీ మెడలోకి ఎక్కి గొంతుకు చేరుతుంది. కుడి వైపుది మెడ మొదట్లోనే తిరిగేస్తుంది. అందుకే ఛాతీలో ఏ తేడా వచ్చినా ఎక్కువగా దెబ్బ తగిలేది ఎడమ తంత్రికే. మాది కాలువ కింది ఊరు. చివరి మడికి నీళ్లు రాకపోతే ఆ మడిలో తవ్వుకుంటూ కూర్చోం. కాలువ కట్ట వెంట పైకి నడుస్తాం, ఎక్కడ పూడిందో, ఎక్కడ గండి పడిందో చూస్తాం. నా ఈఎన్‌టీ డాక్టరు గారు చేసింది అదే. గొంతులో గడ్డ ఏదీ లేదని చూసి, వెంటనే ఛాతీ ఎక్స్‌రే, తర్వాత మెడ నుంచి ఛాతీ దాకా సీటీ తీయించారు. ఊపిరితిత్తుల మొదట్లో రెండు పక్కలా లింఫ్ గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. ధమని వంపు కింద ఉన్న గ్రంథులు కూడా. నరం అక్కడ నలిగింది.

ఆ తర్వాత జరిగింది ఛాతీ డాక్టర్లకు ప్రత్యేకంగా చెప్పుకుంటున్నాను. గ్రంథులు ఉబ్బితే మన దేశంలో ముందు టీబీ అనుకోవడం తప్పు కాదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. టీబీ గ్రంథులు కూడా ఇదే నరాన్ని నొక్కి గొంతు పోగొట్టగలవు. కానీ నాకు కళ్లె పరీక్షలో ఏమీ రాలేదు. టీబీ ఉందేమో చూడటానికి మాంటూ సూది వేసిన చోట చర్మం కొంచెం కూడా ఉబ్బలేదు. గ్రంథి నుంచి ముక్క తీయకుండానే నాలుగు మందుల టీబీ కోర్సు మొదలుపెట్టారు. పది వారాలు మింగాను. మూత్రం నారింజ రంగులో వచ్చేది, తిన్నది ఇమిడేది కాదు. గొంతు ఇసుమంత కూడా మారలేదు.

జనవరిలో కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేనంత నొప్పి వచ్చింది. హైదరాబాద్‌లో ఒక కంటి డాక్టరమ్మ లెన్స్ పెట్టి చాలాసేపు చూసి, కంటి గురించి కాకుండా వేరే ప్రశ్నలు అడిగింది. ‘ఛాతీలో గడ్డలేమైనా ఉన్నాయని చెప్పారా? కాళ్ల మీద ఎర్రటి గడ్డలు ఎప్పుడైనా లేచాయా? కీళ్లు నొచ్చాయా?’ నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. అంతకుముందు ఏడాది నా మోకాలి కింద ఎముక మీద ఎర్రటి గడ్డలు లేచి, చీలమండలు వాచి, నెల రోజులకు తగ్గిపోయాయి. దాన్ని ఒక డాక్టరు చూశారు. పొడి దగ్గును ఒకరు చూశారు. గొంతును ముగ్గురు చూశారు. అన్నీ కలిపి అడిగింది ఆవిడ ఒక్కతే.

ఫిబ్రవరిలో శ్వాసనాళంలోకి గొట్టం పంపి, అల్ట్రాసౌండ్‌తో చూస్తూ, సూదితో గ్రంథి నుంచి ముక్క తీశారు. ఈబస్ అంటారు. టీబీ క్రిమిని వెతికే సీబీనాట్ పరీక్షలో టీబీ లేదు. ఆరు వారాలు ఉంచిన కల్చర్‌లోనూ ఏదీ పెరగలేదు. మైక్రోస్కోపు కింద కనిపించిన కణాల ముద్దల్లో టీబీలో కనిపించే కుళ్లు లేదు. జబ్బు పేరు సార్కాయిడోసిస్ అన్నారు. ఒంట్లోని రక్షణ కణాలు ఏ శత్రువూ లేకుండానే అక్కడక్కడా గుంపులు కట్టి వాపు తెచ్చే జబ్బు. ఊపిరితిత్తులు, లింఫ్ గ్రంథులు, కళ్లు, చర్మం, కీళ్లు, ఒక్కోసారి గుండె, నరాలు. అంటుకోదు. క్యాన్సర్ కాదు. దీని వల్ల స్వరతంత్రి పడిపోవడం చాలా అరుదు అని ప్రతి డాక్టరూ నాతో అన్నారు. అరుదే, కాదనను. కానీ గొంతు ఎందుకు ఆగిందో వెతుకుతూ పోతే దొరికేది ఎప్పుడూ ఇలాంటి అరుదైన జబ్బే కానక్కరలేదు. థైరాయిడ్ ఆపరేషన్‌లో దెబ్బతిన్న నరం కావచ్చు, ఊపిరితిత్తి క్యాన్సర్ కావచ్చు. పన్నెండు వారాల ఆలస్యం ఆ రెండో మనిషికి ఎంత ఖరీదో మీకు నేను చెప్పక్కరలేదు.

ఈబస్ కోసం వార్డు బయట కూర్చున్న రోజున నా పక్కన సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. పదిహేనేళ్లుగా కీళ్లవాతం, వేళ్లు వంకరపోయాయి. ఆమె గొంతు కూడా నా గొంతులాగే ఉంది, ఇంకా సన్నం. మింగితే చెవిలోకి పోటు వస్తుందని, గొంతులో ఏదో అడ్డం ఉన్నట్టు ఉంటుందని చెప్పింది. రాత్రిళ్లు ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు చప్పుడు వస్తోందని ఆస్తమా అనుకుని ఏడాదిగా పీల్చే మందు వాడుతోంది. మోకాలి ఆపరేషన్‌కు పోతే మత్తు డాక్టరు ఆ చప్పుడు విని ఆపేసి, ముందు గొంతు చూపించుకోమని పంపాడట. ఆమెకు నరం బాగానే ఉంది. స్వరతంత్రులను తిప్పే చిన్న కీళ్లు రెండు స్వరపేటికలో ఉంటాయి. అవి కూడా వేళ్ల కీళ్లలాంటివే, లోపల అదే పొర, అదే జిగురు నీరు. కీళ్లవాతం వేళ్లకు వచ్చినట్టే వాటికీ వచ్చి బిగుసుకున్నాయి. చూడటానికి పక్షవాతం లాగే ఉంటుంది. రెండు వైపులా బిగుసుకుంటే గాలి దారి ఇరుకవుతుంది, ఆ స్థితిలో మత్తు ఇచ్చి గొట్టం వేయబోతే ప్రాణం మీదికి రావచ్చు. కీళ్ల మందులు రాసే డాక్టర్లు ప్రతిసారీ ఆమె వేళ్లు నొక్కి చూశారు, మోకాళ్లు చూశారు. పదిహేనేళ్లలో ‘గొంతు ఎలా ఉందమ్మా’ అని అడిగినవాళ్లు లేరట. ఆ మత్తు డాక్టరు ఎవరో గానీ ఆయనకు నా దండాలు.

మన పల్లెల్లో ఇంకా కనిపించే ఒక జబ్బు గురించి కూడా ఒక్క మాట. చిన్నప్పుడు గొంతు నొప్పి, తర్వాత కీళ్ల జ్వరం, దాంతో గుండె కవాటం పాడవడం. ఆ కవాటం ఇరుకై గుండె పై గది ఉబ్బితే, దాని పక్కనే పోయే ఈ నరం నలిగి ఎడమ తంత్రి పడిపోవచ్చు. వియన్నాలో ఆర్ట్‌నర్ అనే డాక్టరు 1897లోనే దీన్ని రాసిపెట్టారు. ఆయాసంతో వచ్చిన మనిషి గొంతు కూడా పోయిందని చెబితే ఆ రెండూ వేర్వేరు జబ్బులని కొట్టిపారేయకండి.

మీరు ఎంత ఒత్తిడిలో పనిచేస్తారో నాకు తెలుసు. నేను వెళ్లిన రోజు ఉదయం మా ఆరోగ్య కేంద్రం ఓపీలో వంద మందికి తక్కువ లేరు. ఒక్క డాక్టరు. గొంతు బొంగురని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అది జలుబే, వారం పది రోజుల్లో పోయేదే. అందరికీ స్కోప్ చేయమని నేను అడగడం లేదు. మీ దగ్గర స్కోప్ లేదని కూడా తెలుసు. నేను అడిగేది ఒక చీటీ. గొంతు మారి నాలుగు వారాలు దాటిన మనిషి మీ ముందు కూర్చుంటే, ఇంకో యాంటీబయాటిక్ రాసే ముందు, స్వరతంత్రులు చూడాలని ఈఎన్‌టీకి ఒక చీటీ రాయండి. ఇది నా సొంత లెక్క కాదు. అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2018లో ఇచ్చిన సూచనల్లో ఉన్నది ఇదే: నాలుగు వారాల్లో తగ్గకపోతే స్వరపేటిక చూడాలి, ప్రమాదకరమైన కారణం ఉందేమోనని అనుమానం ఉంటే అన్నాళ్లు కూడా ఆగకూడదు, గొంతు మారిందని అలవాటుగా యాంటీబయాటిక్ ఇవ్వకూడదు, లోపల చూడకముందే అలవాటుగా స్టెరాయిడ్లు మొదలుపెట్టకూడదు. సిగరెట్, బీడీ తాగేవాళ్లు, మెడలో గడ్డ ఉన్నవాళ్లు, ఈమధ్యే మెడకో ఛాతీకో ఆపరేషన్ అయినవాళ్లు, ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడు వచ్చేవాళ్లు నాలుగు వారాలు కూడా ఆగలేరు.

ఆ చీటీ ఎవరికి రాయాలో తేల్చుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. నీళ్లు తాగితే పొలమారుతోందా అని అడగండి. మా భాషలో అడగండి, మేం వెంటనే చెబుతాం. నిండుగా ఊపిరి తీసుకుని ‘ఆ’ అని ఎంతసేపు అనగలరో గోడ గడియారం చూస్తూ వినండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు మామూలుగా పదిహేను సెకన్లకు పైనే అనగలరు. నేను నాలుగు సెకన్లకు ఆగిపోయేదాన్ని. గట్టిగా దగ్గమనండి. కీళ్లవాతం, లూపస్, సార్కాయిడోసిస్ లాంటివి ఉన్నాయని పాత చీటీల్లో ఉంటే, గొంతు సంగతి కూడా వాటి ఖాతాలోదే కావచ్చని ఒక్క క్షణం అనుకోండి. రుమటాలజీ డాక్టర్లకైతే నా మనవి ఇంకా చిన్నది: వేళ్ల కీళ్లు చూసిన ప్రతిసారీ గొంతు గురించి ఒక ప్రశ్న.

నా సంగతి ముగించేస్తాను. మార్చిలో కల్చర్ రిపోర్టు వచ్చాక రోజుకు 30 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టి నెమ్మదిగా తగ్గించుకుంటూ వచ్చారు. ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది, పిల్లలు నన్ను గుర్తుపట్టడానికి ఒక క్షణం ఆలోచించారు. కన్ను బాగైంది. ఆర్నెల్లకు తీసిన సీటీలో గ్రంథులు సగానికి పైగా తగ్గాయి. తంత్రి మాత్రం కదల్లేదు. కొందరికి మందుతో కదలిక తిరిగి వస్తుంది, నాకు రాలేదు. ముందే తెలిసి ఉంటే వచ్చేదా అని డాక్టరు గారిని అడిగాను. చెప్పలేమమ్మా అన్నారు. నిజం చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది గానీ, ఆ ‘చెప్పలేం’తో నేను బతకాల్సి వస్తోంది.

ముందు ఆగిపోయిన తంత్రిని మధ్యకు జరపడానికి జెల్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్ని నెలలు పనిచేసింది. నీళ్లు పొలమారడం ఆ వారంలోనే తగ్గింది. తర్వాత థైరోప్లాస్టీ చేశారు. జపాన్‌లో ఇషికీ అనే డాక్టరు 1974లో చెప్పిన పద్ధతి. మెడ మీద చిన్న కోత పెట్టి, స్వరపేటిక మృదులాస్థికి కిటికీ చేసి, లోపల సిలికాన్ ముక్క పెట్టి తంత్రిని మధ్యకు నెడతారు. మనిషి మెలకువగానే ఉండాలి, మాట్లాడుతూ ఉండాలి. ‘ఏమైనా చెప్పండి మేడమ్’ అన్నారు డాక్టరు గారు. నాకు పద్యం తప్ప ఏం వస్తుంది? బల్ల మీద పడుకుని పద్యం చదివాను. ఆయన వింటూ ముక్కను సరిచేస్తూ పోయారు. మూడోసారి చదివేటప్పుడు గొంతు పలికింది. నా పాత గొంతు కాదు. కానీ గాలి కాదు, గొంతే.

ఇప్పుడు కాలర్ మైక్ పెట్టుకుని పాఠం చెబుతున్నాను. సీస పద్యం పాదం రెండు ఊపిర్లలో చదువుతాను. ఎక్కడ ఊపిరి తీసుకుంటానో పిల్లలకు తెలిసిపోయింది, ఆ చోట వాళ్లు కూడా ఆగుతారు.

మా జిల్లాలో ఆరోగ్య కేంద్రాల డాక్టర్లందరూ కలిసే సమీక్షా సమావేశాలు జరుగుతాయని విన్నాను. పిలిస్తే వస్తాను, పది నిమిషాలు చాలు. నాలుగేళ్ల కిందటి స్కూల్ వార్షికోత్సవంలో నేను పద్యం చదివిన వీడియో ఫోన్‌లో ఉంది. స్కోప్ చేయించుకున్న రోజున మాట్లాడింది కూడా మా లెక్కల సార్ రికార్డు చేసి పెట్టారు. రెండూ వినిపిస్తాను. ఆ రెండో గొంతు మీ ఓపీలో మళ్లీ వినపడితే గుర్తుపడతారు.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
నల్గొండ జిల్లా